వేడినీళ్ళు

బుధవారం పొద్దున ఎనిమిదింటికి టీచరమ్మ వంటింట్లో సింకు తనంతట తానే నిండడం మొదలుపెట్టింది. కొళాయి కట్టే ఉంది. అయినా అడుగు కన్నంలోంచి బూడిదరంగు నీళ్ళు బుడబుడమంటూ పైకొచ్చాయి. వాటి మీద తెల్లటి జిడ్డు పెచ్చులు పెచ్చులుగా తేలుతోంది. టీచరమ్మ చెంబుతో తోడి బకెట్లో పోసింది. తోడినంతా మళ్ళీ ఊరింది. రెండో బకెట్టు నిండేసరికి నీళ్ళు గట్టు దాటి, అలమర తలుపుల మీదుగా నేలకి కారాయి. ఆవిడ మోకాళ్ళు వంగవు. చేతికర్ర మీద బరువు మోపి, కిటికీలోంచి మొహం పైకెత్తి కేక పెట్టింది.

"ఎవరమ్మా పైన నీళ్ళు వదులుతోంది? ఆపండి! ఇక్కడ నా కొంప మునిగింది!"

వదులుతున్నది రెండో అంతస్తులో డబ్బాలమ్మ. అప్పుడే బియ్యం కడిగిన నీళ్ళు పారబోస్తోంది. ఇరవై రెండు మందికి మధ్యాహ్నం భోజనం వండి, స్టీలు డబ్బాల్లో సర్ది, రెండు వీధుల అవతలున్న ఆఫీసులకి తానే మోసుకెళ్ళి ఇచ్చొస్తుంది కాబట్టి భవనంలో ఆమెకు ఆ పేరు పడిపోయింది. కేక వినగానే కొళాయి కట్టేసి, తడి చెయ్యి కొంగుకు తుడుచుకుంటూ కిటికీ దగ్గరికి పరిగెత్తింది.

ఆ వరసలో ఒకదాని మీద ఒకటి మూడు వంటిళ్ళు. కింద టీచరమ్మది, మధ్యలో నర్సమ్మది, పైన డబ్బాలమ్మది. మూడింటికీ గోడలో ఒకటే గొట్టం. ఆ సంగతి ఆమెకు తెలుసు. తెలుసు కాబట్టే మళ్ళీ కొళాయి ముట్టుకోలేదు.

గంట తిరక్కుండా భవనం సంఘం సెక్రటరీగారు మెట్లెక్కి వచ్చాడు. తాడు కట్టిన కళ్ళజోడు ఆయన ఛాతీ మీద ఊగుతోంది. పొయ్యి మీద పెద్ద బాణలిలో ఆలుగడ్డ ముక్కలు వేగుతున్నాయి. ఆయన ముందు ఆ బాణలి వైపే చూశాడు.

"చూడండమ్మా, నేనెవర్నీ ఏమీ అనడం లేదు. కానీ ఈ లైన్లో వంటంటూ చేసేదెవరో మీరే చెప్పండి. టీచరమ్మ ఒక్కతే మనిషి. నర్సమ్మ ఇంటిపట్టున ఉండేదే తక్కువ. ఇక మిగిలింది..."

"ఇక మిగిలింది నేనే. అంతేగా మీ మాట?" అంది డబ్బాలమ్మ. చేతిలో చిల్లుల గరిటె అలాగే ఉంది. "రండి. లోపలికొచ్చి చూడండి. చూశాక అనండి."

ఆయన్ని సింకు దగ్గర నిలబెట్టింది. కన్నం మీద సన్నటి జాలీ, మెతుకు కూడా దిగడానికి వీల్లేనిది. పక్కన పాత పేపర్ల దొంతర. జిడ్డు గిన్నె ఏదైనా ముందు పేపరుతో తుడవాల్సిందే. పేపరుకి మరక అంటడం మానేశాకే దాన్ని నీళ్ళకింద పెట్టేది. ఎంగిలీ తొక్కా తోలూ అన్నీ మూత ఉన్న బకెట్లోకి. చెబుతుంటే ఆమె గొంతులోకి ధైర్యం వచ్చింది. ఆ ఇంట్లో ఏడేళ్ళుగా ఒక్కరోజు తప్పకుండా జరుగుతున్న పని అది.

"మరి వేయించిన నూనె?"

"దానికి వేరే డబ్బా ఉంది. సబ్బులు చేసే ఆవిడ నెలకోసారి వచ్చి పట్టుకెళుతుంది. ఇదిగో."

బాల్కనీ గూట్లో, తలకన్నా ఎత్తున ఉంటుంది ఆ తగరపు డబ్బా. మునివేళ్ళ మీద లేచి, బరువుకి సిద్ధపడి రెండు చేతులా పట్టుకుని లాగింది. డబ్బా ఖాళీ బుట్టలా తేలిగ్గా చేతుల్లోకి వచ్చేసింది. మూత తీసింది. అడుగున వేలెడు నూనె. దాని మీద దుమ్ము మీగడలా కట్టింది.

సెక్రటరీగారు కళ్ళజోడు పెట్టుకుని తొంగి చూసి, నూనె కనబడింది కాబట్టి తల ఊపాడు. "బాగానే ఉంది లెండి. ఎల్లుండి శుక్రవారం ప్లంబరొస్తాడు. అంతదాకా నీళ్ళు చూసి వాడండి. ఒక్క మాట మాత్రం ముందే చెబుతున్నా. మీ నూనే అని తేలితే ఇక్కడ ఈ డబ్బాల వంట సాగదు. ఇది నలుగురు కాపురముండే చోటు, హోటలు కాదు."

ఆయన వెళ్ళాక కూడా ఆమె ఆ డబ్బా పట్టుకునే నిలబడింది. పోయిన నెల సబ్బులావిడ వచ్చి వెళ్ళి ఐదు వారాలవుతోంది. ఐదు వారాలంటే ఈపాటికి నిండి పొర్లుతూ ఉండాలి.

ఆలుగడ్డ మాడిన వాసన వస్తేగానీ ఆమెకు పొయ్యి గుర్తుకు రాలేదు.

ఆ ఇంట్లో వంట ఆమెది, అంట్లు మామగారివి. ముప్పై ఏళ్ళు బస్సు కండక్టరుగా చేసిన మనిషి. భార్య పోయాక కొడుకింటికి వచ్చిన వారానికే, "ఊరికే కూర్చుంటే కాళ్ళు కొయ్యబారిపోతాయమ్మాయ్" అని సింకు దగ్గర తన చోటు పట్టేశాడు. కొడుకు రోడ్లు వేసే క్యాంపుల్లో తిరుగుతూ నెలకోసారి ఇంటికొస్తాడు. డబ్బాలమ్మ పదిన్నరకి డబ్బాలు పట్టుకుని బయల్దేరితే, వెనక నుంచి మామగారు "రైట్ రైట్!" అనేవాడు. ఆమె తిరిగొచ్చేసరికి గిన్నెలన్నీ బోర్లించి, గట్టు తుడిచి, బాణలి మెరుస్తూ ఉండేది. వేడి నూనె చల్లారాక దాన్ని డబ్బాలో పోసి, బాణలి తుడిచి తోమడం ఆయన పని. ఏడేళ్ళ ఏర్పాటులో నూనె ఆమె చెయ్యి దాటిపోయే మెట్టు అదొక్కటే.

అడిగితే సరిపోయేది. బుధవారం సాయంత్రం రెండుసార్లు నోటిదాకా వచ్చింది కూడా. ఆయన పేపరు కళ్ళకు ఆనించుకుని చదువుతున్నాడు. పేజీ తిప్పబోతే వేళ్ళు వణికి కాగితం రెండుసార్లు జారిపోయింది. ఆమె అడగకుండానే పొయ్యి తుడవడానికి లేచింది.

గురువారం ఒక ఆఫీసు గేటు దగ్గరే వాచ్‌మన్ డబ్బాలన్నీ తీసేసుకున్నాడు. లోపలికి వెళ్ళి బల్ల బల్లకీ ఇచ్చే పని తప్పింది. అరగంట ముందే ఇంటికొచ్చేసింది. తలుపు దగ్గరగా వేసి ఉంది. చెప్పులు విప్పి, చప్పుడు లేకుండా లోపలికి అడుగుపెట్టి వంటింటి గుమ్మంలో ఆగిపోయింది.

మామగారు బాణలిని రెండు చేతులా పట్టుకుని సింకు అంచుకి ఆనించాడు. జాలీ తీసి పక్కన పెట్టి ఉంది. నూనె పసుప్పచ్చగా, సన్నటి ధారగా కన్నంలోకి దిగుతోంది. ఒక్క చుక్క బయట పడనివ్వకుండా ఊపిరి బిగబట్టి పోస్తున్నాడు. అయ్యాక బాణలి దించి, పొయ్యి మీద మరుగుతున్న నీళ్ళు తీసి దాని వెనకే పోశాడు. ఆవిరి మొహానికి కొడితే తల పక్కకి తిప్పుకున్నాడు. మళ్ళీ పోశాడు. ఆఖర్న కన్నం చుట్టూ వేలితో తుడిచి, జాలీ తెచ్చి సరిగ్గా అమర్చాడు.

డబ్బాలమ్మ వెనక్కి వెనక్కి నడిచి గుమ్మం దాటింది. మెట్ల మీద నిలబడి గోడకి చెయ్యి ఆనించింది. ఏడేళ్ళుగా తుడిచిన పేపర్లన్నీ ఏమైపోయినట్టు? నిన్న సెక్రటరీ మొహం మీద తను విసిరిన మాటలన్నీ ఏమైపోయినట్టు? కోపం రావాలి. రాలేదు. ఆ వేలితో తుడిచిన తీరే కళ్ళలో నిలిచిపోయింది.

సంచిలోని నిన్నటి ఖాళీ డబ్బాలు గలగలలాడించి, తలుపు గట్టిగా తోసుకుని లోపలికి వచ్చింది.

"హోల్డాన్! నేల తడిగా ఉంది, చూసి నడు తల్లీ," అన్నాడు మామగారు. "ఇవాళ తొందరగా వచ్చేశావే?"

"పని తేలిగ్గా అయిపోయింది, మామయ్యగారూ."

పావుగంటకి కింద నుంచి టీచరమ్మ కేక మళ్ళీ వినబడింది. ఇద్దరూ తలెత్తలేదు.

ఆ సాయంత్రం ఆమె నూనె డబ్బాని బాల్కనీ గూట్లోంచి దించి, పొయ్యి పక్కన చిన్న పీట మీద పెట్టింది. దాని మూతికి వెడల్పాటి గరాటు తగిలించింది. "పైనుంచి దించలేక చస్తున్నాను. ఇక్కడుంటే నాకు వీలు," అంది, ఎటో చూస్తూ. మామగారు డబ్బా వైపు చూశాడు, గరాటు వైపు చూశాడు. "మంచి పని చేశావు," అన్నాడు నెమ్మదిగా.

ఇక పొయ్యడు. ఇవాళ్టితో ఆగిపోయింది. అయిపోయిన దాని గురించి ఆ పెద్దాయన్ని నలుగురిలో నిలబెట్టడం ఎందుకు? పడుకునేదాకా ఆమె ఆ మాటే తిప్పి తిప్పి చెప్పుకుంది.

శుక్రవారం ప్లంబరు వచ్చాడు. పొట్టి మనిషి, మాట తక్కువ. సందులో ఇనుప మూత ఎత్తి, గొట్టంలోకి పొడవాటి స్ప్రింగు తీగ దింపి మరతో తిప్పుతూ పోయాడు. పది నిమిషాలకు తీగ బిగుసుకుంది. వెనక్కి లాగితే దాని కొసకి చుట్టుకుని తెల్లటి ముద్ద బయటికొచ్చింది. పిడికిలంత ఉంది. దాన్ని రాయి మీద కొడితే మైనంలా పెళుసుగా విరిగింది. అలాంటివి బకెట్టు నిండా తీశాడు. పాత కొవ్వు కుళ్ళిన కంపు సందంతా పట్టేసింది. చేతికర్ర మీద వంగి చూస్తున్న టీచరమ్మ ముక్కుకి చీరచెంగు అడ్డం పెట్టుకుంది.

"నూనె, సార్," అన్నాడు ప్లంబరు. "నిన్నా మొన్నటిది కాదు. నెలా రెండు నెలల్నుంచి పేరుకుంటోంది."

"ఎవరిదో తేల్చు. అందుకేగా పిలిచాం," అన్నాడు సెక్రటరీగారు.

ముందు డబ్బాలమ్మ ఇంటికే వచ్చారు. వెలుగు చాలడం లేదంటే మామగారు టార్చి తెచ్చి పట్టుకున్నాడు. ప్లంబరు సింకు కింద పడుకుని వంపు గొట్టం విప్పాడు. డబ్బాలమ్మ గట్టు అంచు పట్టుకుని నిలబడింది. అతను గొట్టంలో వేలు పెట్టి తిప్పి, బయటికి తీసి చూపించాడు. వేలు శుభ్రంగా ఉంది.

"కడిగినట్టుంది," అన్నాడు. జాలీ, పేపర్లు, గరాటు తగిలించిన డబ్బా అన్నీ చూసి, "ఇలాంటి వంటిల్లు నేను చూళ్ళేదు," అన్నాడు.

డబ్బాలమ్మా, టార్చితో మామగారూ వాళ్ళ వెనకే కింది వాటాకి దిగారు. నర్సమ్మ అప్పుడే డ్యూటీ నుంచి వచ్చినట్టుంది. జుట్టు ముడి విప్పలేదు, కళ్ళు మూతలు పడిపోతున్నాయి. ఆమె సింకులో రెండు రోజుల గిన్నెలున్నాయి. జాలీ లేదు. వంపు గొట్టం విప్పగానే టీ పొడి, అన్నం మెతుకులు, నూడుల్స్ తాళ్ళు, గుడ్డు పెంకులు అన్నీ ఒక ఉండగా జారి బకెట్లో పడ్డాయి. సెక్రటరీగారు ఒక్క అడుగు వెనక్కి వేశాడు.

"ఇంకేం తేల్చాలి?"

"అయ్యో సార్, నేను వండుకునేదే వారానికి రెండుసార్లు," అంది నర్సమ్మ. "గిన్నెలు ఉండిపోయిన మాట నిజమే. కానీ నూనె పొయ్యలేదు సార్. అంత నూనె నా దగ్గరెక్కడిది?"

"ఆ చెత్త వేరు, ఈ నూనె వేరు సార్. ఎవరు పోశారో గొట్టం చెప్పదు," అన్నాడు ప్లంబరు. కానీ సెక్రటరీగారు అప్పటికే డబ్బాలమ్మ వైపు తిరిగాడు. "మిమ్మల్ని అనవసరంగా అనుమానించానమ్మా. ఏమీ అనుకోకండి," అని అందరికీ వినబడేలా అన్నాడు.

ఆ మాటకి డబ్బాలమ్మకి పట్టరాని తేలిక కలిగింది. ఆ తేలిక కలిగినందుకు నర్సమ్మ మొహం చూడలేక బకెట్టు వైపు తిరిగింది.

ప్లంబరు తీగ చుట్టుకుంటూ, ఎవరితోనో కాదన్నట్టు చెప్పుకుపోతున్నాడు. "చాలామందికి తెలియదు. వేడినీళ్ళు పోస్తే నూనె కరిగి పోతుందనుకుంటారు. పోతుంది, సింకు కింద నుంచి పోతుంది. వాళ్ళ గొట్టం అద్దంలా ఉంటుంది. చల్లబడేది ఎక్కడో కింద. అక్కడే గడ్డకట్టి కూర్చుంటుంది."

అతని తీగ మీద పడుతున్న టార్చి వెలుగు మెల్లగా జారి గోడకి పోయింది, గోడ మీంచి నేలకి వచ్చింది. డబ్బాలమ్మ తల తిప్పి చూడలేదు. కాసేపటికి మామగారు మెట్లెక్కి వెళ్ళిపోతున్న అడుగుల చప్పుడు వినబడింది, ఒక్కో మెట్టు దగ్గరా ఆగుతూ.

శనివారం డబ్బాలు ఇచ్చి వస్తుంటే నర్సమ్మ మెట్ల మీద కాచుకుని ఉంది.

"అక్కా, ఖాళీ చెయ్యమంటున్నారు. నెల గడువిచ్చారు. రేపు పొద్దున టీచరమ్మగారింట్లో అందరి చేతా సంతకాలు పెట్టిస్తారట. ఒంటరిదాన్నని ఇల్లు దొరకడమే గగనమైపోయిందక్కా నాకు. మీరొక్క మాట చెప్పండి. మీ మాటంటే వాళ్ళకి గురి."

"చూద్దాంలే అమ్మాయ్," అంది డబ్బాలమ్మ. తన గొంతు తనకే పరాయిగా వినబడింది. సంచి ఈ చేతిలోంచి ఆ చేతిలోకి మార్చుకుని గబగబా పైకెక్కేసింది.

మామగారు అన్నం సగంలో వదిలేశాడు. నూనె డబ్బాలో ఆ రోజు నూనె పడింది. బాణలి పేపరుతో తుడిచిన గుర్తులున్నాయి. ఆయన చెయ్యి కడుక్కుని వచ్చి, కుర్చీ వెనక నిలబడ్డాడు.

"ఆ నర్సు పిల్లని నిజంగానే పొమ్మంటారంటావా?"

"అంటున్నారు."

"సంఘం వాళ్ళకి ఎవరో ఒకరు కావాలి కామోసు," అన్నాడు. ఇంకేదో అనబోయి, పొయ్యి పక్కన బోర్లించిన ఇరవై రెండు డబ్బాల వైపు చూశాడు. ఆమె కూడా ఆ డబ్బాలనే చూస్తోంది.

ఆదివారం తొమ్మిదింటికి టీచరమ్మ ముందుగదిలో ఎనిమిది మంది పోగయ్యారు. వంటింట్లో నేల మీద జిడ్డు ఇంకా తెల్లగా మెరుస్తోంది. నర్సమ్మ గుమ్మం పక్కన, డ్యూటీ బట్టల్లో నిలబడి ఉంది. కూర్చోమని ఎవరూ అనలేదు. సెక్రటరీగారు కాగితం చదివి వినిపించి, బల్ల మీద పెట్టాడు. ఇద్దరు సంతకాలు పెట్టారు. మూడో సంతకానికి కలం డబ్బాలమ్మ చేతికి వచ్చింది.

కలం పట్టుకుంది. కాగితం మీద 'నిర్లక్ష్యంగా నూనె పారబోసి' అన్న మాట దగ్గర చూపు ఆగిపోయింది. ఇప్పుడు చెబితే రేపటి వంట ఉండదు. ఎల్లుండిదీ ఉండదు. పైన, సింకు దగ్గర, ఆ పెద్దాయన చోటు ఉండదు. చెప్పకపోతే ఏమవుతుంది? ఈ పిల్ల మరో ఇల్లు వెతుక్కుంటుంది. అంతేగా. ఆ 'అంతేగా' దగ్గర ఆమెకి తన మీద తనకే భయం వేసింది.

కలం కాగితం మీద అడ్డంగా పెట్టేసింది. "ఈ నూనె మా ఇంటిదండీ," అంది.

సెక్రటరీగారు సరిగా వినబడనట్టు చూశాడు. "ప్లంబరు మీ గొట్టం చూశాడు కదమ్మా?"

"మరిగే నీళ్ళు పోస్తే మా గొట్టం శుభ్రంగానే ఉంటుంది. అతనే చెప్పాడుగా. నెల రోజులుగా మా ఇంటి నుంచే..."

"ఇంటి నుంచి కాదు. నా నుంచి."

మామగారు గుమ్మంలో ఉన్నాడు. ఎప్పుడు దిగాడో ఎవరూ చూడలేదు. ఇస్త్రీ చొక్కా వేసుకుని, తల నున్నగా దువ్వుకుని వచ్చాడు. చౌకట్టు పట్టుకుని నిలదొక్కుకున్నాడు.

"గూట్లోంచి డబ్బా దించబోయి ఒకరోజు ఒలకబోశాను. బాల్కనీ అంతా జిడ్డు. మా కోడలు వచ్చేలోగా మోకాళ్ళ మీద కూర్చుని తుడిచాను. చేతులు నిలవడం లేదని తెలిస్తే గిన్నెలు ముట్టుకోనివ్వదని చెప్పలేదు. అప్పట్నుంచి సింకులోకే పంపిస్తున్నాను, వేడినీళ్ళతో పోతుందిలే అనుకుని. శుక్రవారం అతను చెప్పాకే తెలిసింది ఎక్కడికి పోతోందో." ఆయన గొంతు ఆగింది. "అప్పుడైనా చెప్పాల్సింది. మా కోడలి వంట ఆపేస్తారని నోరు రాలేదు. టిక్కెట్టు నాకు కొట్టండి. ఆమెకి తెలియదు."

"తెలుసు," అంది డబ్బాలమ్మ.

మామగారు ఆమె వైపు చూశాడు. గరాటు సంగతి ఆయనకి అప్పుడు అర్థమైనట్టుంది. తల కొద్దిగా వంచుకున్నాడు.

నర్సమ్మ కదిలింది. "ఎప్పట్నుంచి తెలుసు మీకు?"

"గురువారం నుంచి."

"గురువారం," అంది నర్సమ్మ. "నిన్న మెట్ల మీద అడిగినప్పుడు కూడా తెలుసన్నమాట."

"తెలుసు."

ఆ పిల్ల చూపు బల్ల మీది కాగితం వైపు తిప్పుకుంది. డబ్బాలమ్మ ఆమె అరుస్తుందేమోనని ఎదురుచూసింది. అరిస్తే బావుండుననిపించింది.

సెక్రటరీగారు కాగితం మడిచి జేబులో పెట్టుకున్నాడు. ఆయన మొహం కంది ఉంది. తను తప్పు మనిషిని పట్టుకున్నానన్న బాధో, రెండు రోజుల కిందటి క్షమాపణ వృథా అయిందన్న కోపమో తెలియదు. "సింకు కింద జిడ్డు ఆపే పెట్టె బిగించేదాకా మీ ఇంట్లో డబ్బాల వంట బంద్. ప్లంబరు చూసి సరేనంటేనే మళ్ళీ మొదలు," అన్నాడు. డబ్బాలమ్మ తల ఊపింది. ఇరవై రెండు మందికి ఫోన్లు చేసి చెప్పుకోవాలి. కొందరు ఆగుతారు, కొందరు వేరే చోటు చూసుకుంటారు. ఎవరెవరు ఆగుతారో లెక్క వెయ్యాలని కూడా అనిపించలేదు.

"అయ్యాయా మీ తీర్మానాలు?" అంది అంతదాకా మాట్లాడని టీచరమ్మ. చేతికర్రతో నేల మీద తట్టింది. "నా వంటిల్లు నాలుగు రోజుల్నుంచి అలాగే పడి ఉంది. వంగలేక, స్టవ్వు ముందుగదిలోకి ఈడ్చుకుని కాఫీ పెట్టుకుంటున్నాను. దాన్ని కడిగేదెవరో కూడా ఆ కాగితంలో రాశావా నాయనా?"

జనం ఒక్కొక్కరే జారుకున్నారు. మామగారు చొక్కా చేతులు మడిచాడు. డబ్బాలమ్మ కొంగు బిగించి, పొయ్యి మీద నీళ్ళు పెట్టి, సోడాపొడి కలిపింది. ఇద్దరూ అట్టముక్కలతో ముందు జిడ్డు గీకారు. అది పొరలు పొరలుగా లేచి, గీకినచోట గచ్చు రంగు బయటపడుతోంది. గీకిందంతా చేటలోకి ఎత్తి చెత్త బకెట్లో వేశారు. టీచరమ్మ కుర్చీ తెప్పించుకుని గుమ్మంలో కూర్చుని, "అలమర కింద, అలమర కింద వదిలేశారు," అని చెబుతూ ఉంది.

"మీరు కూర్చోండి మామయ్యగారూ, నేను చేస్తాను," అంది డబ్బాలమ్మ ఒకసారి.

"చెయ్యనీ," అన్నాడాయన. ఆమె చేట ఆయన వైపు జరిపింది.

పదిన్నరకి నర్సమ్మ సంచి భుజాన వేసుకుని డ్యూటీకి దిగింది. తెరిచి ఉన్న తలుపు దాటి రెండడుగులు వేసి, ఆగి, వెనక్కి వచ్చింది. మామగారు అలమర కిందికి తల దూర్చి, ఒక చెయ్యి నేల మీద ఊని, రెండో చేత్తో గీకుతున్నాడు. ఊనిన చెయ్యి మోచెయ్యి దాకా వణుకుతోంది.

"తాతగారూ, అంతలా వంగకండి. నడుం పట్టేస్తుంది," అంది నర్సమ్మ. ఆస్పత్రి గొంతు అది, తిరుగు సమాధానం ఉండదు. "మోకాలి కింద గుడ్డ వేసుకోండి. ఆ చేతి వణుకు సంగతి కూడా చూపించుకోవాలి. మంగళవారం నాకు పొద్దున డ్యూటీ. తొమ్మిదింటికల్లా ఆస్పత్రికి రండి, డాక్టరు దగ్గరికి నేను తీసుకెళతాను."

"వస్తాను తల్లీ," అన్నాడు మామగారు అలమర కింద నుంచే.

డబ్బాలమ్మ చేతిలో అట్టముక్కతో తలెత్తింది. ఏదో ఒకటి అనాలని పెదవులు కదిలాయి. నర్సమ్మ కళ్ళు ఆమె మీదుగా, ఆమె అక్కడ లేనట్టే, గోడ గడియారం దాకా వెళ్ళి వెనక్కి వచ్చాయి. సంచి సర్దుకుని గేటు వైపు నడిచింది.

గేటు గొళ్ళెం పడిన చప్పుడు వినబడింది. డబ్బాలమ్మ తన భుజం మీది తువ్వాలు తీసి మడిచి మామగారి మోకాలి కింద పెట్టి, మళ్ళీ గీకడం మొదలుపెట్టింది.